కట్టిన ఇంటి బాకీ రాకపోతే మేస్త్రీ చూసుకోవలసిన గడువు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇల్లు కట్టి ఇచ్చిన గుత్త మేస్త్రీకి బాకీ మిగిలితే, అమెరికా రాష్ట్రాలలో మాదిరిగా ఆ కట్టడం మీదనే హక్కు నమోదు చేయించుకునే చట్టం మన దగ్గర లేదు; ఉన్న దారి సివిల్ కోర్టులో దావా. చెల్లింపు తేదీ నిర్ణయించుకోని పనికి, 1963 కాలపరిమితి చట్టం 18వ అధికరణం ప్రకారం, పని పూర్తయిన నాటి నుంచి 3 సంవత్సరాలలోపు దావా వేయాలి. నోటీసు పంపినంత మాత్రాన ఈ గడువు ఆగదు. కష్టపడినవారు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

గడువు తీరకముందే యజమాని బాకీ ఉన్నట్టు రాసి సంతకం చేస్తే, ఆ నాటి నుంచి కొత్త గడువు మొదలవుతుంది. "పండుగకు ఇస్తా" అన్న నోటిమాటకు ఆ బలం లేదు. కాబట్టి స్లాబు పడ్డాక యజమాని ఎదుటనే టేపు పట్టి కొలిచి, చదరపు అడుగులు, ఒప్పుకున్న రేటు, ముట్టిన సొమ్ము, మిగిలిన బాకీ ఒకే కాగితం మీద రాసి, తేదీ వేయించి సంతకం తీసుకోవాలి.

అరువు గడువు పెట్టుకోకుండా ఇసుక, సిమెంటు అమ్మినవారికి సరుకు అప్పగించిన నాటి నుంచి 3 సంవత్సరాలు.

బాకీ ఎగ్గొట్టేందుకు యజమాని ఆస్తి అమ్మే ప్రయత్నంలో ఉంటే, ఆధారాలు చూపి, దావాతో పాటే తీర్పుకు ముందు జప్తు కోరుతూ సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డర్ 5వ రూలు కింద అర్జీ పెట్టాలి.