కుక్కకు పండు ముక్క వేసే ముందు

అనంతపురంలో ఎండలు ముదిరితే రోడ్డు పక్కన కళింగర (పుచ్చ) కాయలు కుప్పలు పడతాయి. మనం కోసుకుంటుంటే కుక్క కాళ్ల దగ్గరే కూచుని నోరు చూస్తుంది. పెట్టండి, కానీ కాస్త చూసి.

ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం ఒక్కటి కూడా వద్దు. కిడ్నీలు పాడవుతాయి. ఎన్ని తింటే ప్రమాదమో ఏ కుక్కకూ ముందుగా చెప్పలేం. పాయసంలో వేసిన కిస్‌మిస్ కూడా అంతే, ఈ మాట పిల్లలకు గట్టిగా చెప్పండి. పొరపాటున తింటే వాంతులయ్యేదాకా ఆగొద్దు, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

– కళింగర, కర్బూజ: తొక్క, గింజలు తీసి చిన్న ముక్కలే.
– మామిడి టెంక అందనివ్వొద్దు, మింగితే పేగులో అడ్డం పడుతుంది. సీతాఫలం గింజలు విషం.
– చీనీకాయలు (బత్తాయి) మన జిల్లా పంటే, అయినా తొక్క, గింజలు కుక్క కడుపుకు పడవు. నేనైతే తొనలు కూడా పెట్టను.
– మందు కొట్టిన కాయలుంటాయి, బాగా కడగండి.
– చిరుతిళ్లన్నీ కలిపినా రోజు తిండిలో 10 శాతం దాటకూడదు. షుగరున్న కుక్కకైతే డాక్టరును అడిగాకే.
– కొత్త పండైతే ఒక్క ముక్క వేసి, మరుసటి రోజు విరేచనం చూడండి.