మోడిఫై చేసిన ఆఫ్‌రోడ్ బండి మొరాయిస్తే: ఇంజిన్ విప్పే ముందు చూడాల్సినవి

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, ఇంజిన్ పైనుంచి గాలి పీల్చుకునేలా చేసే గొట్టం స్నార్కెల్, బండిని తాడుతో లాగే విన్చ్, అదనపు లైట్లు, ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే రీమ్యాప్. ఇన్ని ఎక్కించిన బండికి కంపెనీ మాన్యువల్ సగమే పనికొస్తుంది. అందుకే ఇలాంటి బండి ఆగిపోయిందంటే నేను ముందు అడిగేది ఒక్కటే: చివరగా ఏం బిగించారు, ఎప్పుడు? మన చెయ్యి పడిన చోటు వదిలేసి ఇంజిన్ లోపల వెతకడం మొదలుపెడితే డబ్బూ పోతుంది, రోజులూ పోతాయి.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, లేదా టక్‌మని ఆగిపోతోంది

మల్టీమీటర్ తీయండి. కొన్ని గంటలు కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ అలిసిపోయినట్టే. బ్యాటరీ బాగానే ఉండి కూడా సెల్ఫ్ ఈడుస్తుంటే ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ని ఇంజిన్‌కీ బాడీకీ కలిపే తీగలు, చూడాలి. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఫరవాలేదు. అర వోల్టు, అంతకంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ తీగలోనో, అది బిగించిన చోటో లోపం ఉంది.

బాడీ లిఫ్ట్ వేసిన బండ్లలో ఇది మామూలే. ఇంజిన్ ఛాసిస్ మీదే ఉంటుంది, బాడీ మాత్రం పైకి లేస్తుంది. రెండింటి మధ్య ఉన్న ఎర్త్ పట్టీ సాగి, పోచలు ఒక్కొక్కటే తెగుతాయి. నా బండి ఒకప్పుడు ఇంజిన్ వేడెక్కాక స్టార్ట్ అయ్యేది కాదు. ఫ్యూయల్ పంపు పోయిందన్నారు, మార్పించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే గొడవ. చివరికి చూస్తే ఎర్త్ పట్టీ నాలుగు పోచల మీద వేలాడుతోంది! పొడవాటి కొత్త పట్టీ వేసి, బిగించే చోట పెయింట్ గీకి, లోహం తేలాక బిగించండి. ఆ పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే తుప్పు పట్టదు.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. విన్చ్ పూర్తి బరువు లాగేటప్పుడు 400 ఆంపియర్ల దాకా తాగగలదు. అంత కరెంటు ఆల్టర్నేటర్ ఇవ్వలేదు కాబట్టి మిగతాది బ్యాటరీ నుంచే పోతుంది. విన్చ్ వాడిన మర్నాడు బండి స్టార్ట్ కాలేదంటే ఆశ్చర్యం లేదు, లోపం కూడా కాకపోవచ్చు.

ఓవర్‌హీట్ అవుతోంది

ఎప్పుడు వేడెక్కుతోందన్నదే ఇక్కడ సగం జవాబు.

రాళ్లలో, బురదలో నెమ్మదిగా పాకుతున్నప్పుడు మాత్రమే టెంపరేచర్ ముల్లు పైకి పోయి, రోడ్డెక్కి వేగం అందుకోగానే దిగుతోందా? అయితే రేడియేటర్ గుండా గాలి సరిగా పోవడం లేదు. ముందు గ్రిల్ వైపు చూడండి. విన్చ్, దాని ప్లేటు, రెండు పెద్ద లైట్లు కలిసి గాలికి గోడ కట్టాయేమో. తర్వాత రేడియేటర్ ఫిన్స్ మధ్య ఎండిన బురద. దాన్ని ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్స్ వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుంటుంది.

బాడీ లిఫ్ట్ ఇక్కడా తగులుతుంది. రేడియేటర్ బాడీతో పాటు పైకి వెళ్తే, ఇంజిన్‌కి బిగించిన ఫ్యాన్ కిందే ఉండిపోతుంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ పక్కకి జరిగి, ఫ్యాన్ లాగే గాలి రేడియేటర్‌లోంచి కాకుండా సందుల్లోంచి వస్తుంది. ష్రౌడ్‌నో, రేడియేటర్‌నో తిరిగి కిందికి దించాలి. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి మార్చిన వాళ్లు ఒక కాగితం రేడియేటర్ ముందు పెట్టి చూడండి. అతుక్కోవాలి. ఎగిరిపోతుంటే వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది. నవ్వకండి, ఇది జరుగుతుంది.

రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడే వేడెక్కితే థర్మోస్టాట్, వాటర్ పంపు, లోపల పూడుకుపోయిన రేడియేటర్ వరసగా చూడాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే, ఇంకా వేడెక్కకుండానే పై హోస్ రాయిలా గట్టిపడితే, కూలెంట్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ని, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ దాని పైన హెడ్‌కీ మధ్య ఉండే సీల్‌ని, అనుమానించండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

పికప్ లేదు, నల్ల పొగ వస్తోంది

నల్ల పొగంటే ఇంధనానికి తగ్గ గాలి అందడం లేదని. మొదట ఎయిర్ ఫిల్టర్. టర్బో డీజిల్ అయితే ఆ తర్వాత టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్నుంచి ఇంజిన్‌కి వెళ్లే హోసులు. లోడ్ పడగానే బుస్‌మని శబ్దం, కీలు దగ్గర నూనె తడి ఉంటే అక్కడే గాలి కారుతోంది. క్లిప్పు బిగిస్తే సరిపోవచ్చు, హోస్ చీలితే మార్చాల్సిందే. నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ వేసి ఉంటే ఆ నూనె మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద చేరి గాలి కొలత తప్పిస్తుంది. ఆ సెన్సర్ కోసమే అమ్మే స్ప్రేతో కడగండి, గుడ్డతో తుడవొద్దు.

పొగేమీ లేకుండా బండి బరువుగా అనిపిస్తుంటే టైర్లు గుర్తు తెచ్చుకోండి. 31 అంగుళాల నుంచి 35కి మారితే గేరింగ్ దాదాపు 13 శాతం ఎత్తుగా మారినట్టే, అంటే లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. డిఫరెన్షియల్ (చక్రాల ఇరుసు మధ్య గేర్ల పెట్టె) నిష్పత్తి 4.10 ఉంటే పాత లాగుడు రావడానికి 4.63 దగ్గరికి మార్చాలి. ఇంజిన్‌కి జబ్బేమీ లేదు. అన్నట్టు, స్పీడోమీటర్ సరిచేయించకపోతే అది 100 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 113లో పోతున్నారు.

ఏటవాలులో ఆగిపోతోంది

ట్యాంకు సగానికి తక్కువుంటే ఇంధనం ఒక పక్కకి చేరి పైపుకి అందదు. నింపుకుని మళ్లీ ఎక్కి చూడండి. ట్యాంకు మూత తీయగానే గాలి లోపలికి పీల్చిన శబ్దం వచ్చి, ఆ తర్వాత బండి హాయిగా నడిస్తే ట్యాంకు గాలి గొట్టంలో బురద కూరుకుంది. ఏటవాలులో ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే మాత్రం ప్రయోగాలొద్దు, వెంటనే ఇంజిన్ ఆపి విన్చ్‌తో దింపండి.

చెక్ ఇంజిన్ లైటు

స్కానర్ చూపే కోడ్ పేరు విని ఆ భాగం కొనేయొద్దు. పీ0299 అంటే బూస్ట్, అంటే టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి, తక్కువగా ఉందని, అంతే. టర్బో చెడిందని కాదు, పైన చెప్పిన హోస్ క్లిప్పు వదులైనా అదే కోడ్ వస్తుంది. కుదుపుల్లో మాత్రమే లైటు వెలుగుతుంటే ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి వైరింగ్‌ని ఒక్కో చోట మెల్లగా కదిలించండి. సైలెన్సర్ పైపుకీ, ఫ్యాన్‌కీ, బెల్టుకీ దూరంగా.

నీళ్లు దాటుతూ ఆగిపోయింది

సెల్ఫ్ కొట్టొద్దు. కాలిన చేతికి నీళ్లు పోయాలన్నంత సహజంగా చెయ్యి తాళం మీదికి పోతుంది, తెలుసు. కానీ సిలిండర్‌లో నీళ్లుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. పొడిగా ఉంటే తడిసిన కనెక్టర్లు, ఫ్యూజులు చూసుకోవచ్చు. తడిగా ఉంటే స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు విప్పి, ఇంధనం రాకుండా ఆపి, ఆ రంధ్రాలకి ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని ఇంజిన్ తిప్పాలి. నీళ్లు చిమ్ముకుంటూ బయటికొస్తాయి.

స్నార్కెల్ ఉంది కదా, నీళ్లెలా వచ్చాయంటారా? ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా స్నార్కెల్ తలని చదునైన దానితో మూయండి. కొన్ని క్షణాల్లో ఇంజిన్ ఆగిపోవాలి. నడుస్తూనే ఉంటే కింద ఏదో కీలులోంచి గాలి పీలుస్తోంది, రేపు అక్కణ్నుంచే నీళ్లు తాగుతుంది. డిప్‌స్టిక్ కూడా లాగి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే స్టార్ట్ చేయకముందే దించేసి, ఫిల్టర్‌తో సహా కొత్తది వేసి, కొద్దిసేపు నడిపి, ఆ కొత్త ఆయిల్ కూడా మార్చేయాలి.