ఆటోమేటిక్ కారుకు మాన్యువల్ గేర్ బాక్స్: పాతది దింపక ముందే పైలం

గేర్ బాక్స్ దొరికింది, లేబర్ మాట్లాడుకున్నాం, ఇక బండి లేపడమే అనుకున్న రోజే ఈ పని చెడిపోతుంది. పెట్టె దింపి పెట్టె ఎక్కించడం చేయి తిరిగిన మెకానిక్‌కు ఒకటి రెండు రోజుల పని. ఆ తర్వాత బండి వారాల తరబడి షెడ్డులో ఎందుకు నిలబడుతుందంటే ఒక బోల్టు పొడవు కుదరక, ఒక యాక్సిల్ పొట్టిదై, ఒక వైరు ఎటు పోవాలో తెలియక. అందుకే పాత పెట్టె కిందికి దిగే ముందే కొత్తదానికి కావాల్సిన ప్రతి ముక్కా షెడ్డులో పరిచి ఉండాలి.

అన్నిటికంటే ముందు మీ బండిలో ఉన్నది ఏ రకం ఆటోమేటికో చూసుకోండి. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గరికి వచ్చిన ఏఎంటీ (మాన్యువల్ పెట్టెనే యంత్రంతో నడిపే రకం) అయితే లోపల ఉన్నది మామూలు గేర్లే. క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని మాత్రం యాక్చుయేటర్ అనే మోటారు పరికరం చేస్తుంది. గేరు సరిగ్గా పడటం లేదని దాన్ని పీకేయాలనుకునే వాళ్లు ఒక్కసారి ఆగాలి. అరిగిన క్లచ్ సెట్ మార్చి, స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (కొత్త క్లచ్ ఎక్కడ పడుతుందో కంప్యూటర్‌కు నేర్పడం) చేయిస్తే దారికొచ్చే బండ్లే ఎక్కువ. మార్పిడికి నిజంగా పనికొచ్చేది టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ బలాన్ని పెట్టెకు అందించేది) ఉన్న పాత బండి. పెట్టె రిపేరు ఖర్చు బండి విలువను మింగేసేలా ఉన్నప్పుడు ఈ ఆలోచన అర్థవంతమే. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీకి కూడా వీలవుతుంది. కాని ఏ రకానికైనా ఒకటే షరతు: అదే మోడల్‌ను, అదే ఇంజన్‌తో, కంపెనీ మాన్యువల్‌గా కూడా అమ్మి ఉండాలి. అమ్మకపోతే ఆలోచన అక్కడే ఆపండి. హైబ్రిడ్ బండి జోలికి అసలే పోవద్దు.

కాగితాల సంగతి చివర్లో చూద్దామనుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. చాలా ఆర్సీల్లో మోడల్ పేరు పక్కనే ఏటీ, ఏఎంటీ అని రాసి ఉంటుంది. హన్మకొండ అయినా, కరీంనగర్ అయినా, మీ బండి రిజిస్టరైన ఆర్టీఏ ఆఫీసులో ముందు అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాసి పెట్టండి. లేకపోతే రేపు యాక్సిడెంట్ క్లెయిమ్ రోజున సర్వేయర్ మూడో పెడల్ చూసి మొదలుపెడతాడు.

ఇక సామాన్లు. విడివిడిగా నాలుగు దుకాణాల్లో కొనడం కంటే ఒకే స్క్రాప్ బండి నుంచి అన్నీ తీయించుకోవడం మేలు. మీ బండి ఏడాదికి దగ్గరగా, అదే ఇంజన్ ఉన్న మాన్యువల్ బండి వరంగల్‌లో దొరకకపోతే హైదరాబాద్ వెళ్లక తప్పదు. వెళ్లినప్పుడు పెట్టె ఒక్కటే డిక్కీలో వేసుకొని రావద్దు. ఫ్లైవీల్ (క్లచ్ కూర్చునే బరువైన చక్రం), పొడవు చూసుకోవడానికి దాని బోల్టులు, స్టార్టర్ మోటార్, రెండు వైపుల డ్రైవ్ షాఫ్టులు, పెట్టె వైపు ఫౌండేషన్లు (పెట్టెను బాడీకి పట్టే రబ్బరు దిమ్మలు) వాటి బ్రాకెట్లతో సహా, క్లచ్-బ్రేక్ పెడళ్ల సెట్టు, క్లచ్ కేబుల్ లేదా (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే క్లచ్ అయితే) మాస్టర్, స్లేవ్ సిలిండర్లు పైపుతో, గేర్ రాడ్, దాని కేబుళ్లు, రివర్స్ స్విచ్, స్పీడ్ సెన్సర్ అన్నీ రావాలి. వైరింగ్ కట్టను కనెక్టర్ల దగ్గర కోయించకండి, మూల నుంచి విప్పించండి. ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) తెస్తే దానితో పాటు ఇమ్మొబిలైజర్ బాక్సు (సరైన తాళంచెవి లేకుండా స్టార్ట్ కానివ్వనిది), తాళంచెవి కూడా తేవాలి. బిల్లు మీద ఆ బండి ఛాసిస్ నంబరు రాయించుకోండి. దొంగ బండి సామాను మీ బండి కిందికి చేరకుండా అదొక్కటే కాపలా.

పెట్టెను అక్కడే పరీక్షించాలి. ఇన్‌పుట్ షాఫ్టును (ఇంజన్ వైపు బయటికి ఉండే కడ్డీని) చేత్తో తిప్పుతూ గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడండి, రివర్స్‌తో సహా. డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ అరచేతిలో పట్టండి. బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే ఫరవాలేదు. గోటికి తగిలే ముక్కలుంటే ఆ పెట్టె వదిలేయండి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మాత్రం పాతవి వద్దు. మూడూ కొత్తవే, మూడూ ఒకేసారి. ఫ్లైవీల్ పాతదే వాడుకోవచ్చు, కాని లేత్ మీద ముఖం తీయించండి. నీలి మచ్చల మధ్య సన్నటి పగుళ్లు కనిపిస్తే అది పనికిరాదు.

ఎక్కువ మంది దెబ్బతినేది బోల్టు దగ్గరే. ఆటోమేటిక్ బండి క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ఇరుసు) చివర ఉండేది పలుచటి ఫ్లెక్స్ ప్లేటు. మాన్యువల్‌కు మందమైన ఫ్లైవీల్. రెండింటి బోల్టుల పొడవు చాలా బండ్లలో వేరు. పాత పొట్టి బోల్టులే బిగిస్తే రెండు మూడు చుట్లు మాత్రమే పట్టి, కొన్ని వందల కిలోమీటర్లకు వదులవుతాయి. పొడవు ఎక్కువైనవి క్రాంక్ రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతాయి. రెంచికి బిగిసినట్టే అనిపిస్తుంది గానీ ఫ్లైవీల్ కింద సందు ఉంటుంది. ఈ బోల్టులు కొత్తవే వాడండి. కంపెనీ సర్వీస్ పుస్తకంలో చెబితే థ్రెడ్ లాక్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) పూసి, టార్క్ రెంచితో అడ్డంగా ఎదురెదురు వరుసలో బిగించండి. కొన్ని ఇంజన్లలో క్రాంక్ సెన్సర్ చదివే పళ్ల చక్రం ఫ్లెక్స్ ప్లేటు మీదే ఉంటుంది. కొత్త ఫ్లైవీల్ మీద అదే అమరిక లేకపోతే ఇంజన్ తిరుగుతుంది కానీ అందుకోదు. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టుకోండి.

క్లచ్ ప్లేటుకు ముందు వెనకలున్నాయి. ఫ్లైవీల్ వైపు అని రాసి ఉన్న ముఖం ఫ్లైవీల్‌కే ఉండాలి. తిప్పి పెడితే మధ్యలోని స్ప్రింగుల దిమ్మ బోల్టు తలలకు రాసుకుంటుంది, క్లచ్ ఎంత తొక్కినా వదలదు. అది తెలియాలంటే పెట్టె మళ్లీ దింపాల్సిందే. ప్లేటును అలైన్‌మెంట్ టూల్‌తో నడుమకు తెచ్చాకే ప్రెషర్ ప్లేటు బిగించండి. పెట్టె ఎక్కించేటప్పుడు దాని బరువు ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడకూడదు. వేలాడితే ప్లేటు మధ్య భాగం వంగి, గేరు మార్చినప్పుడల్లా గీకుతుంది. డోవెల్ పిన్నులు పోగొట్టుకోవద్దు, బెల్‌హౌసింగ్‌ను (క్లచ్‌ను కప్పి ఇంజన్‌కు బిగిసే పెట్టె ముందు భాగాన్ని) సరైన చోట నిలబెట్టేవి అవే. స్కార్పియో లాంటి, ఇంజన్ వెనక చక్రాలను తిప్పే బండి అయితే క్రాంక్ చివర పైలట్ బేరింగ్ (ఇన్‌పుట్ షాఫ్టు కొనను పట్టేది) కూర్చునే చోటు ఉందో లేదో కొలిచి చూడండి. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కూడా.

పెట్టె దింపేటప్పుడు కన్వర్టర్‌ను ఫ్లెక్స్ ప్లేటుకు పట్టే బోల్టులు ముందుగా, క్రాంక్ తిప్పుతూ ఒక్కొక్కటీ విప్పాలి. కన్వర్టర్‌తో కలిపి పెట్టె అరవై కిలోల దాకా తూగుతుంది, దాటనూ దాటొచ్చు. డ్రెయిన్ చేసినా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ పెట్టె ఆయిల్) లోపల సగం దాకా మిగులుతుంది, కన్వర్టర్ వంగగానే మీద పడుతుంది. ఇటుకల మీద, షాబాద్ బండల మీద కారు నిలపడం అసలు వద్దు. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి స్టాండులు. ఇంజన్ ముందు చక్రాలను తిప్పే బండిలో పెట్టె తీస్తే ఇంజన్ ఒక పక్కే వేలాడుతుంది కాబట్టి పైనుంచి గొలుసుతో పట్టి ఉంచండి. బ్యాటరీ నెగటివ్ అంతకుముందే తీసేయాలి. స్టీరింగ్ కింద పెడళ్లు మార్చే చోట ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అనువు. వానాకాలంలో మట్టి నేల షెడ్డుల్లో జాకీ దిగబడుతుంది, మేలో రేకుల కింద పానా కూడా పట్టుకోలేం.

కరెంటు పనిలో అడ్డదారి ప్రమాదం ఒకటుంది. ఆటోమేటిక్‌లో పీ (పార్క్), ఎన్ (న్యూట్రల్) తప్ప వేరే చోట లివర్ ఉంటే స్టార్టర్ తిరగదు. పెట్టె మార్చాక స్టార్ట్ కావడం లేదని ఆ రెండు వైర్లు కలిపేసి వదిలేస్తారు. అప్పుడు బండి గేరులో ఉన్నా తాళం తిప్పగానే ముందుకు దూకుతుంది. గోడ ముందు పిల్లలు నిలబడి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ వైర్లను క్లచ్ పెడల్ స్విచ్ గుండా తీసుకెళ్లండి. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ కావాలి. రివర్స్ లైటు వైరు కొత్త పెట్టె స్విచ్‌కు పోవాలి. గేరు పెట్టె కంప్యూటర్ ఉన్న బండిలో దాన్ని పీకేస్తే ఇంజన్ కంప్యూటర్ వెతుక్కుంటూ చెక్ ఇంజన్ లైటు వేస్తుంది, కొన్నిట్లో లింప్ మోడ్‌లోకి (తనను కాపాడుకోవడానికి బలం తగ్గించుకునే స్థితికి) పోయి లాగడం మానేస్తుంది. మాన్యువల్ ఈసీఎం పెట్టి తాళాలతో మ్యాచ్ చేయించడమే దారి. ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి.

ఫైర్‌వాల్‌లో (ఇంజన్‌కు, లోపలి సీట్లకు మధ్య ఉండే రేకు గోడలో) క్లచ్ కేబుల్‌కు చాలా బండ్లలో చోటు ముందే ఉంటుంది, దాని మీద మూత ఉంటుంది. కొత్తగా కోస్తే అంచుకు ప్రైమర్, రబ్బరు గ్రోమెట్, వెనక మందమైన రేకు తప్పవు. రేకు ఊగితే క్లచ్ సగమే వదులుతుంది. రేడియేటర్ అడుగున ఏటీఎఫ్ కూలర్ రంధ్రాలకు గట్టి బిరడాలు వేయండి. డ్రైవ్ షాఫ్టులు వేశాక చక్రాలు గాలిలో పూర్తిగా కిందికి వేలాడేలా లేపి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. పొట్టి షాఫ్టు ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

బండి నేల మీదికి దిగాక గేర్ ఆయిల్‌ను సమతలం మీద, ఫిల్లర్ రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. చిన్న కార్లకు రెండు లీటర్ల లోపే పడుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడే. హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించుకోండి. పీ అనేది ఇక లేదు కాబట్టి పద్మాక్షి గుట్ట వాలులో ఆపినా, ఇంటి ర్యాంపు మీద ఆపినా మొదటి గేరులో పెట్టి దిగండి. మొదటి 500 కిలోమీటర్లు హాఫ్ క్లచ్ మీద నిలపకండి, బరువు లాగకండి. మేడారం జాతర ట్రాఫిక్‌లో పస్రా దగ్గర గంటల కొద్దీ అడుగు అడుగున కదిలే దారికి, నిర్మల్ మహబూబ్ ఘాట్‌కు కొత్త క్లచ్‌ను వెంటనే తీసుకెళ్లొద్దు.

1,000 కిలోమీటర్లు తిరిగాక ఫౌండేషన్ బోల్టులు ఒకసారి బిగించి, బెల్‌హౌసింగ్ అడుగున వేలు పెట్టి చూడండి. తడి ఉంటే వాసన చూడండి. గంధకం ఘాటు కొడితే పెట్టె ఇన్‌పుట్ సీల్, మామూలు నల్ల ఇంజన్ ఆయిలైతే క్రాంక్ వెనక సీల్, బ్రేక్ ఆయిల్ అయితే స్లేవ్ సిలిండర్.