పాత స్పోర్ట్స్ కారు మెగ్నీషియం వీల్స్: చేయి పెట్టే ముందు

తిరుపతిలో నవంబరు వానలు ముదరకముందే ఈ వీల్స్ కడిగి, పరీక్షించే పని పెట్టుకోండి. తేమ తగిలితే మెగ్నీషియం అల్యూమినియం కంటే త్వరగా పాడవుతుంది.

నాకు అన్నిటికంటే భయం లోహాన్ని అరగదీసే గ్రైండర్ అంటే. దాన్ని అసలు పట్టొద్దు. రాలే సన్నటి మెగ్నీషియం పొడికి ఒక్క నిప్పురవ్వ చాలు. అంటుకుంటే నీళ్లు పోయకండి, మంట ఇంకా ఎగుస్తుంది. బకెట్ నిండా బాగా ఎండిన ఇసుక పక్కనే ఉండాలి. తడి ఇసుక ప్రమాదం.

యాసిడ్ ఉన్న క్లీనర్ వద్దు. తేలికపాటి సబ్బునీళ్లతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి.

పెయింట్ ఎక్కడైనా బుడగలా ఉబ్బిందా? గోటితో నొక్కండి. తెల్లటి పొడి రాలిందంటే లోపల తినేస్తున్నట్టే. బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకంత గీత కనిపించినా, డై పెనెట్రంట్ పరీక్ష (రంగు ద్రవం పూసి సన్నటి పగుళ్లు పట్టే పరీక్ష) చేయించేదాకా ఆ వీల్‌తో తిరుమల ఘాట్ ఎక్కొద్దు.