సొంత చేతులతో స్పోర్ట్స్ కారు – 4వ పాఠం: గాలి దారి మార్చడం

పోయిన పాఠంలో కారు కంప్యూటర్ అంకెలు చదివే ఓబీడీ స్కానర్‌ను స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకు తగిలించి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు చదవడం నేర్చుకున్నాం. ట్రిమ్ అంటే కంప్యూటర్ పెట్రోలును తన లెక్క కంటే ఎంత శాతం పెంచిందో (ప్లస్), తగ్గించిందో (మైనస్) చెప్పే అంకె. షార్ట్ టర్మ్ అప్పటికప్పటిది, లాంగ్ టర్మ్ నేర్చుకుని దాచుకున్నది. ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి ఆ అంకెలు రాసి పెట్టుకోమన్నాను. ఈ పాఠం మొత్తం వాటి మీదే నడుస్తుంది. రాసుకోనివారు ముందు ఆ పని చేసి రండి. కొత్త ఇన్‌టేక్ (ఇంజిన్‌కు గాలి తెచ్చే ఫిల్టర్, గొట్టం) బిగించాక పాత అంకెలు మళ్లీ దొరకవు.

మన పాఠాల కారు మొదటి తరం సుబారు బీఆర్‌జెడ్. టయోటా 86 కూడా ఇదే కారు. అమెరికాలో 2016 వరకు దాన్ని సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్ పేరుతో అమ్మారు. 2.0 లీటర్ల బాక్సర్ ఇంజిన్, టర్బో లేదు. బోర్ 86 మి.మీ., స్ట్రోక్ కూడా 86 మి.మీ. కంప్రెషన్ 12.5:1. 2016 వరకు వచ్చిన అమెరికా మోడల్ 7000 ఆర్‌పీఎం దగ్గర 200 హార్స్‌పవర్ ఇస్తుంది. మీది వేరే కారైనా ఫరవాలేదు. బోల్టుల చోటు మారుతుంది, లెక్క మారదు.

ముందు లెక్క, తర్వాత కొనడం

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన కెపాసిటీ అంత గాలి పీలుస్తుంది. రెండు లీటర్ల ఇంజిన్ 7000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 7000 లీటర్లు, అంటే సెకనుకు 117 లీటర్లు లాగుతుంది. లీటరు గాలి 1.2 గ్రాములు అనుకుంటే సెకనుకు 140 గ్రాములు. ఫుల్ థ్రాటిల్‌లో మీ స్కానర్ చూపించే ఎంఏఎఫ్ (లోపలికి వెళ్లే గాలి బరువు కొలిచే సెన్సర్) అంకె దీని చుట్టుపక్కలే ఉండాలి. ఎండ ఎక్కువైనా, ఊరు ఎత్తులో ఉన్నా కొంత తగ్గుతుంది.

కొత్త ఇన్‌టేక్ పవర్ పెంచాలంటే దానికి రెండే దారులు. గాలికి అడ్డు తగ్గించాలి, లేదా ఇంకా చల్లటి గాలి తేవాలి. రెండింటిలో మీ కారుకు ఏది తక్కువైందో కొనేముందే తెలుసుకోవచ్చు.

అడ్డు సంగతి ఇలా చూడండి. ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి మానిఫోల్డ్ ప్రెజర్ (థ్రాటిల్ దాటి ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) చదవండి. అది బయటి గాలి ఒత్తిడి. సముద్ర మట్టం దగ్గర 100 కిలోపాస్కల్స్ చుట్టూ ఉంటుంది. తర్వాత ట్రాక్ మీదో, వేగ పరిమితి దాటాల్సిన అవసరం లేని ఖాళీ చోటులోనో రెండో గేరులో ఫుల్ థ్రాటిల్ ఇస్తూ అదే అంకెను రికార్డు చేయండి. పై ఆర్‌పీఎంలో 97 వచ్చిందనుకుందాం. అంటే ఫిల్టర్, బాక్సు, గొట్టం, థ్రాటిల్ బాడీ అన్నీ కలిపి అడ్డుకుంటున్నది మూడు శాతం. ఆ మూడులో కొంత భాగమే ఇన్‌టేక్ వెనక్కి తేగలదు. ప్యాకెట్ మీద ఎంత పెద్ద అంకె రాసి ఉన్నా, లేని అడ్డును ఏ కంపెనీ తీసేయలేదు.

వేడి సంగతికి ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ చూడాలి. కారు కదులుతుండగా అది బయటి ఉష్ణోగ్రత కంటే ఎంత ఎక్కువ ఉందో రాసుకోండి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎంత పెరిగిందో కూడా రాసుకోండి. గాలి 40 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత ఆరు శాతం పడిపోతుంది. పైన చెప్పిన మూడు శాతం అడ్డు పూర్తిగా పోయినా ఈ నష్టం పూడదు. టెక్సస్, ఆరిజోనా ఎండల్లో కారు నడిపే మనవాళ్లు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే సగం తప్పు కొనుగోళ్లు తప్పుతాయి.

ఈ కారులో ఫ్యాక్టరీ వాళ్లు గాలిని ముందు గ్రిల్ వైపు నుంచే తీసుకుంటారు. అది ఇప్పటికే చల్లటి గాలి. అందుకే ట్యూన్ (కారు కంప్యూటర్‌లోని ఇంజిన్ లెక్కలను మార్చి రాయడం) లేకుండా ఇన్‌టేక్ ఒక్కటే మార్చి పెద్ద పవర్ ఆశించవద్దని సూటిగా చెబుతున్నాను. 3500 నుంచి 4500 ఆర్‌పీఎం మధ్య ఈ ఇంజిన్‌లో టార్క్ కుంగుతుంది, మీ అందరికీ తెలిసిందే. అది ఇన్‌టేక్‌తో పోదు. ఎగ్జాస్ట్ హెడర్ (ఇంజిన్ నుంచి పొగ తెచ్చే మొదటి గొట్టాలు), దానికి తగ్గ ట్యూన్ ఉంటేనే పోతుంది.

మరి ఎందుకు మార్చాలి? శబ్దం కోసం. యాక్సిలరేటర్ తొక్కగానే ముందు నుంచి వచ్చే ఆ ఉరుము కోసం డబ్బు పెట్టడంలో తప్పేమీ లేదు. స్పోర్ట్స్ కారు కొన్నదే ఆ ఆనందానికి. తర్వాత ట్యూన్ చేయించే ఆలోచన ఉన్నా ఇన్‌టేక్ ముందే ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే ట్యూనర్ దాన్ని లెక్కలోకి తీసుకునే ఫైల్ రాస్తాడు.

ఏది ఎంచుకోవాలి

అన్నిటికంటే చవక డ్రాప్-ఇన్ ఫిల్టర్. ఫ్యాక్టరీ బాక్సు అలాగే ఉంచి, లోపలి కాగితం ఫిల్టర్ తీసి కొత్తది పెడతారు. కొత్తగా మొదలుపెట్టేవారికి నా మొదటి సలహా ఇదే.

షార్ట్ ర్యామ్ అంటే పొట్టి గొట్టం, చివర కోన్ ఫిల్టర్. శబ్దం బాగుంటుంది. కానీ ఫిల్టర్ ఇంజిన్ పక్కనే తెరిచి ఉంటే అది పీల్చేది రేడియేటర్ దాటి వచ్చిన వేడి గాలి. కాగితం మీద అడ్డు తగ్గుతుంది, సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు కారు నీరసంగా ఉంటుంది. ప్రకటనల్లో కనిపించే డైనో (పవర్ కొలిచే యంత్రం) గ్రాఫులు చాలావరకు బానెట్ తెరిచి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి తీసినవే. బానెట్ మూసిన కారు ఆ గాలిని చూడదు. కొనేముందు గ్రాఫ్ ఎలా తీశారో అడగండి.

కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్‌లో పొడవు గొట్టం ఫిల్టర్‌ను బంపర్ వెనక కిందికి తీసుకెళ్తుంది. గాలి చల్లగా ఉంటుంది, నిజమే. కానీ వాన పడి రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ఫిల్టర్ మునిగే ఎత్తులోనే ఉంటుంది. గాలి బదులు నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హ్యూస్టన్‌లో ఉండేవారికీ, మన ఊళ్లలో తుపాను వానల్లో కారు నడిపేవారికీ ఈ రకం వద్దనే చెబుతాను.

నాకు నచ్చేది మూత ఉన్న బాక్సు. కోన్ ఫిల్టర్ చుట్టూ గోడలు, పైన మూత, గ్రిల్ నుంచి వచ్చే ఫ్యాక్టరీ దారి నేరుగా అందులోకి. ఖరీదు ఎక్కువ, శబ్దం కాస్త తక్కువ. కానీ వేసవిలోనూ ట్రాఫిక్‌లోనూ కారు ఒకేలా నడుస్తుంది.

ఫిల్టర్ బట్ట విషయంలో నూనె రాసిన కాటన్, నూనె లేని సింథటిక్ అని రెండు రకాలు. కాటన్ ఫిల్టర్ కడిగాక నూనె ఎక్కువ రాస్తే అది గాలితో పాటు వెళ్లి సెన్సర్ తీగకు పట్టుకుంటుంది. సరిగ్గా కొలిచి రాసే ఓపిక ఉంటే కాటన్, లేకపోతే సింథటిక్.

గొట్టం వెడల్పు ఎందుకు ముఖ్యం

ఈ పాఠంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

ఎంఏఎఫ్ సెన్సర్ గొట్టంలోని గాలి మొత్తాన్ని కొలవదు. మధ్యలో ఉన్న వేడి తీగను గాలి ఎంత చల్లబరుస్తోందో చూసి, ఆ ఒక్క చోటు నుంచి మొత్తాన్ని లెక్కగడుతుంది. కాలువలో ఒక చోట నీటి వేగం చూసి మొత్తం పారుదల చెప్పినట్టు. కాలువను వెడల్పు చేస్తే అన్నే నీళ్లు నెమ్మదిగా పారతాయి. వెడల్పు పెరిగిందని తెలియనివాడు నీళ్లు తగ్గాయంటాడు.

ఉదాహరణకు సెన్సర్ ఉన్న చోట గొట్టం లోపలి వ్యాసం 70 మి.మీ. నుంచి 73కు మారిందనుకోండి. మూడు మిల్లీమీటర్లే. కానీ వైశాల్యం దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. కంప్యూటర్ గాలిని ఎనిమిది శాతం తక్కువగా లెక్కేసి పెట్రోలు ఆ మేరకు తక్కువ పోస్తుంది. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఇది పట్టుకుంటుంది, ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్‌లోకి వెళ్లి సరిచేస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం కంప్యూటర్ ఎంఏఎఫ్ మాటనే ఎక్కువగా నమ్ముతుంది. 12.5:1 కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌లో సరిగ్గా అక్కడ పెట్రోలు తగ్గితే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే మండటం) మొదలవుతుంది.

అందుకే కొనేముందు అమ్మేవారిని రెండే ప్రశ్నలు అడగండి. సెన్సర్ దగ్గర లోపలి వ్యాసం ఫ్యాక్టరీదే ఉందా? లేకపోతే ట్యూన్ తప్పనిసరా? సూటిగా జవాబు చెప్పని చోట కొనవద్దు. సెన్సర్ ముందు గొట్టం కాస్త దూరం మలుపు లేకుండా తిన్నగా ఉండాలి కూడా. మలుపు తిరగగానే సెన్సర్ ఉంటే సుడి తిరిగే గాలిని అది తప్పుగా చదువుతుంది.

కాలిఫోర్నియాలో ఉన్నవారికి మూడో ప్రశ్న. ఆ ఇన్‌టేక్‌కు కార్బ్ (కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్, అంటే అనుమతి నంబర్, ఉందా? అది మీ కారు మోడల్‌కు, సంవత్సరానికి వర్తించాలి. స్మాగ్ చెక్‌లో (పొగ పరీక్షలో) బానెట్ ఎత్తి కంటితో కూడా చూస్తారు, నంబర్ లేని ఇన్‌టేక్ కనిపిస్తే ఫెయిలే. పెట్టెలో వచ్చే స్టిక్కర్‌ను పారేయకుండా బానెట్ కింద కనిపించే చోట అంటించండి. వారంటీ గురించి టెన్షన్ పడేవారికి ఒక మాట. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వాడారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయడానికి వీల్లేదు. కానీ ఆ పార్టు వల్లే పాడైందని తేలితే ఆ రిపేరు ఖర్చు మీదే.

బిగించే పని

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. 10 నంబరు, 12 నంబరు సాకెట్లు, రాట్చెట్, స్టార్ స్క్రూడ్రైవర్, శుభ్రమైన బట్ట, విప్పిన బోల్టులు పెట్టుకోవడానికి ఒక గిన్నె సిద్ధం చేసుకోండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి.

మొదట బ్యాటరీ నెగటివ్ తీయండి. సెన్సర్ ప్లగ్‌ను వైరు పట్టుకుని లాగకండి, లాక్ నొక్కి ప్లగ్‌నే పట్టుకుని తీయండి. తర్వాత ముందున్న గాలి దారి, బాక్సు మూత, థ్రాటిల్ బాడీ దగ్గర క్లాంపు వదులు చేయండి. పాత గొట్టానికి రెండు చిన్న దారులు తగులుకుని ఉంటాయి. ఒకటి క్రాంక్‌కేస్ బ్రీదర్ హోస్ (ఇంజిన్ లోపలికి గాలి వచ్చిపోయే సన్న గొట్టం), దీన్ని కొత్త గొట్టానికి తప్పకుండా తగిలించాలి. రెండోది క్యాబిన్‌లోకి శబ్దం పంపే గొట్టం. కిట్‌లో దానికి చోటు లేకపోతే క్యాబిన్ వైపు మిగిలిన మూతికి క్యాప్ పెట్టండి.

పాత గొట్టం బయటికి రాగానే థ్రాటిల్ బాడీ నోట్లో బట్ట పెట్టండి. ఒక్క వాషర్ లోపల పడిందంటే ఈ పని మొత్తం వేరే పనిగా మారుతుంది. ఆ బట్ట కనిపించే రంగుదై ఉండాలి, తీయడం మరిచిపోకుండా.

ఎంఏఎఫ్ సెన్సర్‌ను పాత చోటు నుంచి విప్పేటప్పుడు తీగ భాగాన్ని వేలితో తాకవద్దు, గుడ్డతో తుడవవద్దు. మురికిగా ఉంటే ఎంఏఎఫ్ క్లీనర్ స్ప్రే మాత్రమే కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. కొత్త గొట్టంలో పెట్టేటప్పుడు గాలి వెళ్లే దిశ పాతదానిలాగే ఉందో లేదో ఫొటోతో పోల్చండి. రబ్బరు ఓ-రింగ్ నలగకుండా కూర్చోవాలి. స్క్రూలు ప్లాస్టిక్‌లోకి వెళ్తాయి కాబట్టి బలం చూపకండి.

కొత్త గొట్టాన్ని అన్ని చోట్లా వదులుగా నిలబెట్టి, చివర్లోనే క్లాంపులు బిగించండి. ఒక చివర ముందే బిగిస్తే రెండో చివర వంకరగా కూర్చుని గాలి లీకవుతుంది. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఇంజిన్ కదులుతుంది, బాడీ కదలదు. కాబట్టి గొట్టం చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి. బానెట్‌కు తగులుతుందేమో చూడటానికి ఎత్తైన చోట పిల్లలు ఆడుకునే మెత్తని క్లే ముద్ద పెట్టి, బానెట్ నెమ్మదిగా మూసి తెరవండి. ముద్ద ఎంత నలిగిందో చూస్తే ఖాళీ తెలుస్తుంది.

బట్ట తీశారా? బ్యాటరీ కలపండి.

స్టార్ట్ చేశాక

బ్యాటరీ తీసినందువల్ల కంప్యూటర్ నేర్చుకున్నది పోతుంది, మొదట్లో ఐడిల్ కొంచెం అటూఇటూ అవుతుంది. ఏసీ ఆపి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా అలాగే నడవనివ్వండి. బుసబుసమనే శబ్దం ఎక్కడైనా వస్తోందా వినండి. అంతా బాగుంటే మామూలుగా నడపండి, లాంగ్ టర్మ్ ట్రిమ్ కుదురుకునేదాకా ఫుల్ థ్రాటిల్ వద్దు.

తర్వాత పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. ఐడిల్‌లో ట్రిమ్ బాగా ప్లస్‌లో ఉండి 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిపోతే ఎక్కడో లెక్కలోకి రాని గాలి చొరబడుతోంది. మొదట బ్రీదర్ హోస్ చూడండి. అది ఊడిపోతే బయటి గాలి క్రాంక్‌కేస్ ద్వారా సెన్సర్‌ను దాటవేసి మానిఫోల్డ్‌లోకి వెళ్తుంది. రెండు చోట్లా ఒకే మేర ప్లస్‌లో ఉంటే లీకు కాకపోవచ్చు, గొట్టం వెడల్పు తేడా కావచ్చు, దానికి మందు ట్యూన్. మార్పు పది శాతం దాటితే ఫుల్ థ్రాటిల్ ఆపేసి కారణం వెతకండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి పీ0171 వస్తే పెట్రోలు తక్కువ, పీ0172 వస్తే ఎక్కువ, పీ0101 వస్తే ఎంఏఎఫ్ సెన్సర్ దగ్గరే తేడా. క్లాంపులను కొన్ని రోజుల తర్వాత మరోసారి బిగించండి, సిలికాన్ మొదటి వేడికి కాస్త సర్దుకుంటుంది.

ఫ్యాక్టరీ బాక్సును, గొట్టాన్ని, బోల్టులను ఒక అట్టపెట్టెలో పెట్టి దాచండి. కారు అమ్మేటప్పుడు కొనేవారు అడుగుతారు.

వచ్చే పాఠానికి ఇంటిపని: ఒకే రోడ్డు మీద, దాదాపు ఒకే ఎండలో, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్‌ను కదులుతున్నప్పుడూ ఆగినప్పుడూ రికార్డు చేసి, మొదట రాసుకున్న దానితో పక్కపక్కన పెట్టండి. ఫుల్ థ్రాటిల్ మానిఫోల్డ్ ప్రెజర్ కూడా, ట్రిమ్‌లు కుదిరాకే. 5వ పాఠంలో ఈ రికార్డు ఫైల్‌ను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, ఆర్‌పీఎం వారీగా గ్రాఫ్ గీయడం, అందులో నాక్ కరెక్షన్ (నాకింగ్ పసిగట్టి కంప్యూటర్ చేసే దిద్దుబాటు) ఎక్కడ కనిపిస్తుందో చూడటం నేర్చుకుందాం.