పోక్సో కేసుల్లో పరిహారం: తీర్పు రాకముందే దరఖాస్తు చేసుకోవచ్చు

నిందితుడికి శిక్ష పడిన తరువాతే ప్రభుత్వం పరిహారం ఇస్తుందని, లైంగిక దాడికి గురైన పిల్లల కుటుంబాలలో చాలామంది నమ్ముతారు. బిడ్డకు వైద్యం, చదువు అత్యవసరమైన రోజుల్లోనే ఆ నమ్మకం వల్ల దరఖాస్తు ఆగిపోతుంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నియమాల్లో 9వ నియమం ప్రకారం, ఎఫ్‌ఐఆర్ నమోదైన తరువాత ఏ దశలోనైనా ప్రత్యేక న్యాయస్థానం తనంతట తానుగా గానీ, బాధితుల దరఖాస్తుపై గానీ మధ్యంతర పరిహారం, అంటే కేసు తేలకముందే ఇచ్చే సొమ్ము, మంజూరు చేయవచ్చు. ఈ మొత్తాన్ని తుది పరిహారంలో సర్దుబాటు చేస్తారు. నిందితుడు నిర్దోషిగా విడుదలైనా, అతడెవరో తేలకపోయినా, బిడ్డకు నష్టం జరిగిందని న్యాయస్థానం భావిస్తే తుది పరిహారం కూడా సిఫారసు చేయవచ్చు.

దరఖాస్తును బిడ్డ తరఫున తల్లిదండ్రులు లేదా సంరక్షకులు న్యాయవాది ద్వారా ప్రత్యేక న్యాయస్థానంలో దాఖలు చేయవచ్చు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించాలి లేదా 15100 నంబరుకు ఫోన్ చేయాలి. పిల్లలకు, స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం అందడానికి ఆదాయ పరిమితి అడ్డు రాదు. ఎఫ్‌ఐఆర్ నకలు, ఉంటే వైద్య నివేదిక, విచారణ ముగిసి ఉంటే తీర్పు ప్రతి జత చేయాలి.

అన్నిటికంటే శ్రద్ధగా రాయవలసింది నష్టం వివరాలు. "తగిన పరిహారం ఇప్పించగలరు" అన్న ఒక్క వాక్యంతో ముగించిన అర్జీలో న్యాయమూర్తి లెక్కలోకి తీసుకోవడానికి ఏమీ ఉండదు. నేర తీవ్రత, బిడ్డకు కలిగిన శారీరక, మానసిక హాని, ఇప్పటిదాకా వైద్యానికైన ఖర్చు, ఇక ముందు కాబోయే ఖర్చు, బడికి దూరమైన కాలం, నేరం ఒకసారి జరిగిందా పదేపదే జరిగిందా, గర్భం, అంగవైకల్యం, కుటుంబ ఆర్థిక స్థితి వంటివన్నీ న్యాయస్థానం పరిశీలించాలని నియమమే చెబుతోంది కాబట్టి, ఆసుపత్రి బిల్లులు, మానసిక వైద్యుని చీటీలు, బడి హాజరు వివరాలు మొదటి రోజు నుంచే దాచిపెట్టుకోవాలి. ఈ కాగితాల ఫొటోలు వాట్సాప్‌లో బంధువులకు సైతం పంపవద్దు. బిడ్డ ఎవరో బయటపడకుండా కాపాడటం చట్టం కోరే విషయం.

తిండి, బట్టలు, రవాణా వంటి తక్షణ అవసరాలకు బాలల సంక్షేమ కమిటీ ప్రత్యేక సాయం సిఫారసు చేయవచ్చు. సిఫారసు అందిన వారంలోగా ఆ సొమ్ము చెల్లించాలి. న్యాయస్థానం ఆదేశించిన పరిహారాన్నైతే ఉత్తర్వు అందిన 30 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించాలి.

మొత్తం ఎంతన్నది కేసును బట్టి మారుతుంది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018 పరిహార పథకంలో అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల వరకు ఉంది. బాధితురాలు మైనరైతే ఈ పరిమితి 50 శాతం పెరుగుతుంది. ఆ పథకం స్త్రీల కోసం రాసినదే అయినా, పోక్సో చట్టానికి ఆడ, మగ తేడా లేదు కాబట్టి అది పిల్లలందరికీ మార్గదర్శకమని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. మగపిల్లవాడి విషయంలో "మనకు వర్తించదులే" అని ఊరుకోవడం పొరపాటు. ఆ పథకం ప్రకారం మైనర్లకు మంజూరైన సొమ్ములో 80 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచుతారు. చదువుకో, వైద్యానికో అవసరమైతే ప్రత్యేక అనుమతితో తీసుకోవచ్చు.

పెద్దమనుషుల సమక్షంలో నిందితుడి తరఫువారు ఇవ్వజూపే డబ్బు పరిహారం కాదు. పోక్సో నేరాలు చట్టరీత్యా రాజీకి వీలులేనివి, ఆ డబ్బు వెనుక ఉండేది బిడ్డ నోరు మూయించే ప్రయత్నమే. అలాంటి ఒత్తిడి వస్తే న్యాయవాదికి, పోలీసులకు వెంటనే చెప్పాలి.

చిన్నప్పుడు జరిగిన దాడి గురించి పెద్దయ్యాక మాట్లాడగలిగిన వారికీ దారి మూసుకుపోలేదు. మూడేళ్లకు మించి శిక్ష పడగల నేరాలకు ఫిర్యాదు విషయంలో కాలపరిమితి లేదు. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది కాబట్టి, అంతకు ముందు జరిగిన నేరానికి ఆనాటి శిక్షాస్మృతి సెక్షన్లు వర్తిస్తాయి. సంఘటన జరిగిన ఊరు విడిచి వెళ్లినవారు తామున్న చోటి పోలీసు స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా దానిపై సంతకం చేయాలి. 2018 పథకం కింద నేరుగా న్యాయ సేవాధికార సంస్థకు పెట్టుకునే దరఖాస్తుకు మాత్రం, నేరం జరిగిన లేదా విచారణ ముగిసిన తేదీ నుంచి మూడేళ్ల గడువుంది. అది దాటినవారు ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేకపోయారో వివరిస్తూ, జాప్యాన్ని మన్నించమని కోరే అర్జీని దానితోపాటే ఇవ్వాలి.