వెనక స్పీకర్లలో చిటపటలా? కొత్తవి కొనేముందు ఇలా చూడండి

సినిమాలో చప్పుడు లేని సీను వచ్చినప్పుడు హోమ్ థియేటర్ సెట్ వెనక స్పీకరు పోపు వేగినట్టు చిటపటలాడిందంటే, చాలామంది "స్పీకరు పోయింది" అని తేల్చేస్తారు. మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ముందుగా అనుమానించాల్సింది స్పీకర్ని కాదు. దానికొచ్చే వైరు కొనల్ని, ఆ తరవాత ఇంటి ఎర్తింగ్‌ని.

1. ముందు చెవి పెట్టండి

సెట్ ఆన్ చేసి, ఏమీ ఆడించకుండా వినండి. ఆగి ఆగి చిటపటలాడితే ఎక్కడో వైరు వదులైందనుకోవచ్చు. ఆగకుండా బుయ్‌మంటే అది కరెంటు గోల: మన సరఫరా 50 హెర్ట్జ్ (సెకనుకి 50 ఊపులు) కాబట్టి ఆ మోత 50 దగ్గరో, దానికి రెట్టింపు 100 దగ్గరో ఉంటుంది. సన్నగా సుయ్‌మనడం ఆంప్లిఫయర్ (శబ్దాన్ని పెంచి స్పీకర్లకి పంపే భాగం) సహజంగా చేసేదే. కూర్చున్న చోటికి వినబడకపోతే వదిలేయండి.

ఇప్పుడు వాల్యూమ్ పెంచి తగ్గించండి. దాంతోపాటు మోతా పెరిగితే అది సెట్‌టాప్ బాక్సు, టీవీ లేదా వాటినుంచి వచ్చే కేబుల్ దారిన వస్తోంది. వాల్యూమ్ ఎంతున్నా అలాగే ఉంటే ఆంప్లిఫయర్‌లోనో, ఆ తరవాతి వైర్లలోనో చూడాలి. వాల్యూమ్ నాబ్ తిప్పుతున్నప్పుడు మాత్రమే గరగరమంటే నాబ్ లోపల దుమ్ము చేరిందన్నమాట.

2. ఎడమ కుడి మార్చండి

ఈ ఒక్క పరీక్షతో సగం డబ్బు మిగులుతుంది. ముందు ప్లగ్గు పీకేయండి. ఆన్‌లో ఉండగా రెండు తీగలు తగులుకుంటే ఆంప్లిఫయరే కాలిపోవచ్చు. ఆంప్లిఫయర్ వెనక (చాలా సెట్లలో అది సబ్‌వూఫర్ డబ్బాలోనే ఉంటుంది) వెనక ఎడమ, వెనక కుడి వైర్లను ఒకదాని చోట ఒకటి పెట్టి మళ్లీ ఆన్ చేయండి.

గోల రెండో స్పీకరుకి మారిందంటే స్పీకరు, వైరు రెండూ బాగున్నట్టే. తప్పు ఆంప్లిఫయర్‌దో, అంతకు ముందున్న పెట్టెదో. అదే స్పీకరు మళ్లీ గోల పెడితే దాన్ని సెట్ పక్కకే తెచ్చి, వేరే పొట్టి వైరుతో కలపండి. అప్పుడు నోరు మూసుకుంటే పాత వైరే దొంగ. అప్పటికీ గరగరమంటే స్పీకరు కోన్‌ని (ముందు గరాటులా కనిపించే భాగాన్ని) రెండు చేతుల వేళ్లతో సమానంగా, మెల్లగా నొక్కి చూడండి. లోపల రాపిడి తెలిస్తే దాని వెనకుండే కాయిల్ (తీగచుట్ట) దెబ్బతిన్నట్టు.

3. వైరు కొనలు

కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు పూసపాటిరేగ తీరం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి రాగి తొందరగా నల్లబడుతుంది, చిలుము పడుతుంది. బయటికి వైరు బాగానే కనిపిస్తుంది గానీ క్లిప్పు కింద కరెంటు సరిగా పారదు. నల్లబడ్డ మేర కత్తిరించి, కొత్తగా ఒక సెంటీమీటరు తొక్క తీసి, తీగ పోగుల్ని గట్టిగా మెలిపెట్టి బిగించండి. తొక్క కింద కూడా నల్లగానే ఉంటే మరికాస్త వెనక్కి కోయండి. ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌ని తాకకూడదు. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి.

వైరు గోడ వెంట పోయే దారంతా వేలితో తడమండి. తలుపు సందులో నలిగిందా, అటక మీద ఎలుక కొరికిందా? మధ్యలో అతికి టేపు చుట్టిన చోట్లు మరీ అనుమానించదగ్గవి. ఒక్క అతుకూ లేని కొత్త వైరు వేయడమే మంచిది.

4. బుయ్‌మనే మోత

సెట్‌టాప్ బాక్సు నుంచి కేబుల్ వైరు పీకి చూడండి. మోత ఆగిపోతే కేబుల్ లైను భూమికీ, మీ ఇంటి ఎర్త్‌కీ మధ్య తేడా ఉండి, ఆ తేడా కరెంటు ఆడియో వైర్ల గుండా పారుతోందని అర్థం. టీవీ, బాక్సు, హోమ్ థియేటర్ మూడింటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడండి. తగ్గకపోతే కేబుల్ లైనుకి ఐసొలేటర్ (ఆ తేడా కరెంటుని అడ్డుకునే చిన్న భాగం) పెట్టండి, లేదా టీవీకీ సెట్‌కీ మధ్య ఆప్టికల్ కేబుల్ వేయండి. అందులో పోయేది వెలుగే కాబట్టి ఆ దారిన మోత రాదు.

మోత పోతుందని త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చేయకండి. అది ప్రాణం కాపాడే పిన్ను. ఎండల్లో నేల బిగుసుకుపోయినప్పుడు ఎర్త్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయండి.

5. మిగతావి

కరెంటు పోయినప్పుడే బుయ్‌మంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటుని నున్నని అలలా కాక మెట్లలా ఇచ్చే రకం) పని. వైర్‌లెస్ స్పీకర్లయితే వైఫై రౌటర్‌ని దూరం జరపండి. పాత పాటల్లోనే సుయ్‌మంటే సెట్‌ని స్టీరియోలో పెట్టి వినండి. రెండు చానెళ్ల పాట నుంచి సరౌండ్ తయారుచేసేటప్పుడు చాలా సెట్లు రెండింట్లోనూ ఒకేలా ఉన్న గొంతుని ముందుకి, తేడాగా ఉన్నదాన్ని వెనక్కి పంపుతాయి. పాత రికార్డింగు గోల చాలామటుకు ఆ తేడాలో ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా ఆగకపోతే ఆంప్లిఫయర్ డబ్బాని మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. మెకానిక్కి "గోల వస్తోంది" అని వదిలేయకుండా, వైర్లు మార్చినప్పుడు ఏ స్పీకరు మోగిందో, వాల్యూమ్‌తో గోల పెరిగిందో లేదో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. బాగున్న స్పీకర్ని మార్చమని చెప్పే అవకాశం ఆయనకీ ఉండదు.